యూనిట్ పెట్టారు సరే, గిరాకీ ఎక్కడ? కృత్రిమ గడ్డి, పుటింగ్ గ్రీన్ పని చేసేవారికి

పీఎంఈజీపీ కింద సబ్సిడీ రుణం తీసుకుని కృత్రిమ గడ్డి పరిచే యూనిట్ పెట్టినవారికి, పెట్టబోతున్నవారికి ఈ వివరణ. దరఖాస్తు ఎలా చేయాలి, ఏయే కాగితాలు కావాలి అనే సంగతులు ఇందులో లేవు. అవి జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెబుతారు. ఇందులో ఉన్నది ఒక్కటే. మీ దగ్గర గడ్డి కొనేవాళ్లు ఎవరు, వాళ్ల దగ్గరికి మీరు ఎలా చేరాలి.

కొన్నాళ్ల కిందట చిలకలూరిపేట వైపు ఒక లబ్ధిదారు షెడ్డుకు వెళ్లాను. పదకొండు రోల్స్ గోడకి ఆనించి ఉన్నాయి, పైన దుమ్ము. "గిరాకీ లేదండీ" అన్నారామె. ఫ్లెక్సీ కట్టించారు, పాంప్లెట్లు పంచారు. ఫోన్లయితే వస్తున్నాయి, "అడుగెంత?" అని అడిగి పెట్టేస్తున్నారు. మీరుగా ఎవరి దగ్గరికైనా వెళ్లారా అని అడిగితే, "మనమే వెళ్లాలా సార్?" అన్నారు. ఆ మాట దగ్గరే ఈ కాగితం మొదలైంది.

అవునమ్మా, మనమే వెళ్లాలి. కిరాణా కొట్టుకు గిరాకీ నడిచొస్తుంది, ఎందుకంటే ఉప్పు లేకపోతే కూర ఉడకదు. కృత్రిమ గడ్డి లేకపోతే ఎవరికీ ఏ పనీ ఆగదు. చూశాకే కావాలనిపించే సరుకు ఇది. చూపించాల్సింది మీరు.

పోయేది ఏమిటో ముందు తెలుసుకోండి

పీఎంఈజీపీలో సేవారంగం యూనిట్‌కు గరిష్ఠ ప్రాజెక్టు ఖర్చు 20 లక్షలు, తయారీ యూనిట్‌కు 50 లక్షలు. గ్రామీణ ప్రాంతంలో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర ప్రత్యేక వర్గాలకు సబ్సిడీ 35 శాతం, ఇతరులకు 25 శాతం. పట్టణాల్లో అది 25, 15 శాతం. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. ఈ సబ్సిడీ మీ చేతికి వచ్చేసినట్టు కాదు. మీ పేరు మీద బ్యాంకులోనే మూడేళ్ల డిపాజిట్‌గా ఉంటుంది. ఆ తర్వాత యూనిట్ నడుస్తోందో లేదో మనుషులు వచ్చి చూస్తారు. నడుస్తుంటే అప్పులో సర్దుతారు. తాళం పడి ఉంటే సబ్సిడీ వెనక్కి పోతుంది, మొత్తం అప్పు మీ నెత్తిన ఉంటుంది. గిరాకీ వెతుక్కోవడమంటే నాలుగు డబ్బులు సంపాదించుకోవడం ఒక్కటే కాదు, సబ్సిడీని నిలబెట్టుకోవడం కూడా.

ఇప్పుడు నెల లెక్క. గ్రామంలో ఒక మహిళ 10 లక్షల యూనిట్ పెట్టారనుకుందాం. సొంత వాటా 5 శాతం, అంటే 50 వేలు. సబ్సిడీ 3 లక్షల 50 వేలు. మిగిలిన 6 లక్షలకు 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు వాయిదా సుమారు 13 వేలు. షెడ్డు అద్దె 6 వేలు, సహాయకుడికి, పెట్రోలుకు, ఫోనుకు 11 వేలు. కలిపి 30 వేలు. గడ్డి, జిగురు, ఇసుక, కూలీ అన్నీ పోను చదరపు అడుగుకు 25 రూపాయలు మిగులుతుందనుకుంటే, నెలకు 1,200 అడుగులు పరిస్తేనే ఖర్చులు గట్టెక్కుతాయి. మీ ఇంట్లోకి వచ్చేది ఆ పైన పరిచిన దాని మీదే. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీ బ్యాంకు వడ్డీ, మీ ఊరి అద్దె వేసుకుని మీ అంకె మీరు తీయండి. తీసి షెడ్డు తలుపు లోపలివైపు సుద్దతో రాసుకోండి.

1,200 అడుగులంటే ఎంత? అపార్ట్‌మెంటు బాల్కనీ 80 అడుగులు ఉంటే పదిహేను బాల్కనీలు. పది ఇంటూ ఇరవై పుటింగ్ గ్రీన్ అయితే ఆరు. వంద ఇంటూ అరవై బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఒక్కటి దొరికితే అయిదు నెలల లెక్క ఒక్కసారే తీరిపోతుంది. అలాగని టర్ఫ్ కోసమే కాచుకు కూర్చుంటే అయిదు నెలలూ వాయిదా ఆగదు కదా. చిన్న పనులతో నెల గడుపుకుంటూ పెద్ద పని కోసం తిరగాలి.

పుటింగ్ గ్రీన్ కథ

గోల్ఫ్ గురించి మీలో చాలామందికి తెలియకపోవచ్చు, అమ్మాలంటే మాత్రం కాస్తయినా తెలియాలి. దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి, చివరికి నున్నటి గడ్డి మీద మెల్లగా దొర్లించి గుంటలో వేస్తారు. ఆ నున్నటి చోటే పుటింగ్ గ్రీన్. గుంట వెడల్పు ప్రపంచమంతా ఒక్కటే, నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. లోతు నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. అసలు గడ్డితో గ్రీన్ పెంచాలంటే దాదాపు రోజూ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించాలి, రోజూ నీళ్లు పెట్టాలి. ఎండాకాలం తాగునీళ్లకే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ప్రకాశం పడమటి మండలాల్లో ఆ మాట ఎత్తితే నవ్వుతారు. ఇళ్ల దగ్గర కృత్రిమ గడ్డి వేయించుకునేది అందుకే.

ఈ గడ్డి పుట్టిన సందర్భమూ అలాంటిదే. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో పైకప్పు ఉన్న ఆస్ట్రోడోమ్ స్టేడియం కట్టారు. కప్పులోంచి వచ్చే వెలుగుకు ఆటగాళ్ల కళ్లు చెదురుతున్నాయని అద్దాలకు రంగు వేశారు. ఎండ తగలక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని బదులు ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అక్కడినుంచే వచ్చింది. పదేళ్లకు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ ఇలాంటి గడ్డి మీదే ఆడించారు. 1928 నుంచి ఏ ఒలింపిక్స్‌లోనూ పతకం లేకుండా రాని మన జట్టు ఆసారి ఏడో స్థానంలో ఆగింది. స్కూలు వ్యాయామ మాస్టార్లతో మాట్లాడేటప్పుడు ఈ ముక్క చెప్పి చూడండి, కుర్చీ వేస్తారు.

ఉన్నమాట చెప్పాలి. గుంటూరు, ప్రకాశం వైపు గోల్ఫ్ ఆడేవాళ్లు తక్కువ. ఆట కోసం విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కో, హైదరాబాద్ గోల్కొండ పక్కనున్న కోర్సుకో వెళ్లేవాళ్లే ఎక్కువ. కాబట్టి పుటింగ్ గ్రీన్ ఒక్కటే నమ్ముకుని వాయిదా కడతానంటే కుదరదు. కానీ దీనికో గుణం ఉంది. వేయించుకునేవాడు డబ్బున్నవాడు, మరో పదిమంది డబ్బున్నవాళ్లకు దాన్ని చూపించేవాడు. బాల్కనీ గడ్డిని ఎవరూ చుట్టాలను పిలిచి చూపించరు. గ్రీన్ వేయించుకున్నాయన చేతికి కర్ర ఇచ్చి "ఒకసారి కొట్టి చూడు బావా" అంటాడు. మీ తర్వాతి ముగ్గురు గిరాకీలు ఆ బావలే.

ఎవరి తలుపు తట్టాలి

మొదట, బయటిదేశాల్లో పిల్లలున్న ఇళ్లు. తెనాలి నుంచి పర్చూరు దాకా ఏ ఊళ్లోనైనా పెద్ద కొత్త మేడ కనిపిస్తే, కట్టించినవాళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అక్కడ ఇంటి వెనక పుటింగ్ గ్రీన్ వేసుకోవడం వాళ్లు చూసిందే, కొత్తగా వివరించక్కర్లేదు. ఇక్కడ కూడా వేసేవాళ్లున్నారని వాళ్లకు తెలియదు, అంతే. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు అమ్మడానికి ప్రయత్నించకండి. "ఆ ప్లాస్టిక్ మనకెందుకురా, నాలుగు వంగమొక్కలు పెట్టుకుంటా" అంటారు, అందులో తప్పూ లేదు. వాళ్ల దగ్గర అబ్బాయి వాట్సాప్ నంబరు అడగండి. స్థలం ఫొటో, కొలతలు, పరిచాక ఎలా ఉంటుందో ఒక బొమ్మ పంపండి. వాళ్ల రాత్రి మనకు పగలు, అది చూసుకుని మాట్లాడండి. డిసెంబరు చివర్లో సెలవులకు, జనవరిలో సంక్రాంతికి వాళ్లు వస్తారు. నవంబరులో మాట కుదిరితే పండగ లోపు పరిచేయొచ్చు. పండక్కి వచ్చిన చుట్టాలంతా దాని మీదే నిలబడతారు.

రెండో వరస డాక్టర్లు. గుంటూరు కొత్తపేట, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో బోర్డు లేని గోడ కనపడదు. వీళ్లలో గోల్ఫ్ ఆడేవాళ్లు కొందరు. ఎక్కువమందికి కావాల్సింది పిల్లల వార్డు ముందు, వెయిటింగ్ హాలు పక్కన, మేడ మీద పచ్చగా కనిపించే జాగా. రాత్రి తొమ్మిదిన్నర దాకా రోగులతో ఉండే మనిషిని పగలు పన్నెండింటికి కలవబోతే కాంపౌండరే పంపించేస్తాడు. ఆదివారం ఉదయం వెళ్లండి. లేదంటే మెడికల్ అసోసియేషన్, రోటరీ, లయన్స్ సమావేశం జరిగే సాయంత్రం కార్యదర్శిని అడిగి, హాలు బయట ఒక చాప పరుచుకోండి.

ఏ చాప అంటారా? మీ దగ్గర మిగిలే ముక్కలతోనే తయారవుతుంది. గడ్డి రోల్ సాధారణంగా 2 మీటర్ల వెడల్పు, అంటే ఆరున్నర అడుగులు. పది అడుగుల జాగాకు రెండు వరసలు వేస్తే పదమూడు అడుగులు కొయ్యాలి, మూడడుగులు మిగులుతుంది. ఆ మూడడుగులు మూలన పడేయకండి. రెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు కోసి, ఒక చివర చెక్క దిమ్మె పెట్టి, దానికి నాలుగుంపావు అంగుళాల గుంట కోయిస్తే పుటింగ్ చాప అయిపోయింది. చుట్టి బండి మీద పెట్టుకుపోవచ్చు. ఒక కర్ర, మూడు బంతులు చాలు. పాంప్లెట్ చదవని మనిషి కూడా బంతి కొట్టకుండా పోడు. కొట్టినవాళ్లందరి పేరు, ఫోను పుస్తకంలో రాయించుకోండి. ఈ చాపలే విడిగా కూడా అమ్ముడుపోతాయి. కొడుక్కో అల్లుడికో కానుకగా ఇవ్వడానికి బావుంటుంది.

చీమకుర్తి వైపున్నవారికి ఒక మాట. అక్కడి గెలాక్సీ గ్రానైట్ విదేశాలకు పోతుంది, కొనడానికి అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. వచ్చిన కొనుగోలుదారును కూర్చోబెట్టే గెస్ట్‌హౌసులో, ఆఫీసు ముందు రెండొందల అడుగుల గ్రీన్ ఉంటే మాటలు కలుస్తాయి. క్వారీ యజమానికి అమ్మాల్సింది గడ్డి కాదు, ఆ అరగంట కాలక్షేపం. కాకపోతే అక్కడ రాతిదుమ్ము ఎక్కువ. నెలకోసారి మీరే వచ్చి దులిపి, కడిగి, దువ్వి వెళ్తామని ఒప్పందం రాసుకోండి. నిజానికి మీకు నెలనెలా వచ్చేది ఆ డబ్బే.

అమరావతి, మంగళగిరి వైపు ఎయిమ్స్, ఎస్ఆర్ఎం, విట్ లాంటి పెద్ద సంస్థలున్నాయి. వాళ్లు చిన్నవాళ్లతో నేరుగా పని చేయించడం అరుదు. అక్కడ పని చేసే లాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లను, విజయవాడ, గుంటూరు ఆర్కిటెక్టులను, ఇంటీరియర్ వాళ్లను కలిసి "పరిచే పని మాకివ్వండి" అనడమే దారి. ఒక ఆర్కిటెక్టు మీ పని మెచ్చితే ఏడాదికి నాలుగైదు ఇళ్లు వస్తాయి. కమీషన్ అడుగుతారు. ఎంతో ముందే మాట్లాడుకుని కొటేషన్‌లో కలుపుకోండి, తర్వాత గొణుక్కోవద్దు.

ఇక బాక్స్ క్రికెట్. కొత్త టర్ఫ్ వేయించేవాడి కోసం అందరూ పరుగెడుతున్నారు. మీరు పాతవాళ్ల దగ్గరికి వెళ్లండి. బ్యాట్స్‌మన్ నిలబడే చోట గడ్డి ముందు అరుగుతుంది, అతుకులు లేస్తాయి, ఇసుక ఒక పక్కకు పోతుంది. అతుకు లేచిన చోట కాలు తట్టుకుని కుర్రాడు పడితే యజమానికి తలనొప్పి. అరిగినంత మేర కోసి కొత్త ముక్క వేసే పని, అతుకులు మళ్లీ అంటించే పని మీకు వస్తే రెండో టర్ఫ్ వేసేటప్పుడు ఆయన ఇంకెవరినీ పిలవడు.

స్కూళ్లు, ఫంక్షన్ హాళ్ల సంగతి మీకు తెలిసిందే. ప్రైవేటు స్కూళ్లు జూన్ 12న తెరుస్తారు, చిన్నపిల్లల ఆటస్థలం మీద నిర్ణయాలు ఏప్రిల్, మే నెలల్లోనే అయిపోతాయి. జూన్‌లో వెళ్తే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. ఫంక్షన్ హాళ్లకు మాఘం, శ్రావణం ముహూర్తాలకు నెల ముందు వెళ్లాలి. డెకరేషన్ వాళ్లకు గడ్డి అద్దెకివ్వొచ్చు. దాని మీద కుంకుమ, కూర మరకలు పడతాయి కాబట్టి పాత రోల్స్ విడిగా ఉంచుకోండి.

మిర్చి డబ్బు, పత్తి డబ్బు

ఇది మన ప్రాంతం సంగతి, హైదరాబాద్ వీడియోల్లో చెప్పరు. ఇక్కడ ఆసుపత్రి, స్కూలు, బట్టల షాపు, ఆఖరికి బాక్స్ క్రికెట్ కూడా పంట డబ్బు మీదే నడుస్తాయి. పత్తి తీత అక్టోబరు, నవంబరుల్లో మొదలై సంక్రాంతి దాటేదాకా సాగుతుంది. మిర్చి కోతలు జనవరి నుంచి, గుంటూరు యార్డుకు జోరుగా సరుకు వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. తర్వాత ఎండలకు యార్డుకు సెలవులిస్తారు. మిర్చి కమీషన్ వ్యాపారులు, కోల్డ్‌స్టోరేజీల యజమానులు, జిన్నింగ్ మిల్లులవాళ్లు ఇంటి పనులు పెట్టుకునేది ఆ సెలవుల్లోనే. యార్డు జోరుగా ఉన్నప్పుడు వాళ్లని కలవబోయి విసుక్కునేలా చేసుకోకండి. సెలవులిచ్చిన మొదటి వారంలో వెళ్లండి.

ధర పడిన ఏడాది వేరేగా ఆలోచించాలి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంత దిగిందంటే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది పంట మీద బతికే గిరాకీ అంతా చేయి బిగిస్తుంది. అప్పుడు మీకు అండ పంటతో సంబంధం లేనివాళ్లే. జీతగాళ్ల అపార్ట్‌మెంట్లు, బయటిదేశాల పిల్లలు, డాక్టర్లు. ఏడాది మొదట్లోనే మీ పుస్తకంలో పేర్లను రెండు వరసలుగా రాసుకోండి, పంట డబ్బువాళ్లు, జీతం డబ్బువాళ్లు. మొదటి వరసలోనే అన్ని పేర్లూ ఉంటే, రెండో వరస కోసం ఇవాళే బయల్దేరండి.

వచ్చిన గిరాకీ చేజారకుండా

"అడుగెంత?" అని ఫోన్ చేసినవాళ్లకు అంకె చెప్పి ఊరుకోకండి. అంకె చెప్పగానే వాళ్లు ఇంకొకరికి ఫోన్ చేస్తారు. "జాగా ఎక్కడండీ, నేలా డాబానా? రేపు ఉదయం వచ్చి కొలుస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు" అనండి. కొలవడానికి వెళ్లిన ఇంట్లో బేరం కుదిరే అవకాశం ఫోన్లో కన్నా ఎంతో ఎక్కువ. వెళ్లేటప్పుడు మూడు నమూనా ముక్కలు తీసుకెళ్లండి. అందులో ఒకటి రెండేళ్లు ఎండలో ఉన్న పాత ముక్క కావాలి. కొత్తది ఎవరైనా చూపిస్తారు, పాతది చూపించేవాడిని నమ్ముతారు.

గోల్ఫ్ తెలిసిన మనిషి అయితే "స్టింప్ ఎంత వస్తుంది?" అని అడుగుతాడు. బిక్కమొహం వేయకండి. మూడడుగుల లోహపు పట్టీ మీద గాడిలో బంతిని పెట్టి, ఒక చివర మెల్లగా ఎత్తితే బంతి జారి దొర్లుతుంది. చదునైన గడ్డి మీద ఎన్ని అడుగులు పోతే అదే స్టింప్ అంకె. ఇళ్ల దగ్గర ఎనిమిది నుంచి పది వస్తే బావున్నట్టు. పెరట్లో వేసే 35 మిల్లీమీటర్ల పొడుగు గడ్డి మీద బంతి నాలుగడుగులు కూడా సాఫీగా పోదు. పుటింగ్‌కు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఒత్తు గడ్డి వేరే ఉంటుంది. షెడ్డులో ఉన్నది అదే కదా అని పెరటి గడ్డి వేసి గుంట కోసి ఇస్తే, ఆ పెద్దమనిషి పదిమందికి చూపిస్తాడు, మీ పేరు చెప్పి మరీ.

అన్నిటికంటే ఎక్కువ పేరు పోయేది నేల దగ్గర. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా గడ్డి పరిస్తే మొదటి వానాకాలం దాటేసరికి అలలు తేలుతుంది. పై మట్టి కనీసం అర అడుగు తీసేయాలి. జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, గ్రావెల్, కంకర, పైన క్వారీ డస్ట్ వేసి, తడిపి రోలర్ తిప్పాలి. నీళ్లు పోవడానికి వందడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి. ఈ ఖర్చు కొటేషన్‌లో విడిగా చూపించండి. "ఫలానావాళ్లు తక్కువకే చేస్తామన్నారు" అంటారు. అప్పుడు రాయిలో తేడా ఏమిటో, తేడా రాస్తే ఏమవుతుందో ఒక నెర్రె చూపించి చెప్పండి. రైతు కుటుంబంలో పుట్టినవాడికి నల్లరేగడి గురించి రెండుసార్లు చెప్పక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి. వదిలేసిన పని వల్ల ఆ నెల కష్టమవుతుంది, చెడిన పని వల్ల ఆ ఊరే పోతుంది.

ఎండ సంగతి కూడా ముందే చెప్పండి. మే నెల మధ్యాహ్నం ఈ గడ్డి గాలి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది, చిన్నపిల్లలు ఉత్తకాళ్లతో నిలబడలేరు. నీళ్లు చల్లితే కాసేపు తగ్గుతుంది. పిల్లల ఆటస్థలమైతే పైన షేడ్‌నెట్ వేయమనండి. నల్ల రబ్బరు గింజల గురించి అడిగితే, ఇళ్లకు, స్కూళ్లకు సిలికా ఇసుకే వాడతామని చెప్పండి. నీళ్లలో, మట్టిలో కలుస్తున్నాయని ఐరోపా సంఘం 2023లో అలాంటి ప్లాస్టిక్, రబ్బరు గింజల అమ్మకంపై నిషేధం తెచ్చి, ఆటస్థలాలకు ఎనిమిదేళ్ల గడువిచ్చింది. గ్యారంటీ విషయంలో కంపెనీ కాగితం మీద ఎన్నేళ్లుంటే అన్నేళ్లే చెప్పండి. "పదేళ్లు చూసుకోనక్కర్లేదు" లాంటి మాటలు నోరు జారితే, ఆ పదేళ్లూ ఫోన్లు మీకే వస్తాయి.

ఒక ప్రశ్న మాత్రం పల్నాడు వైపు తప్పకుండా వస్తుంది. "దీని మీద మిరపకాయలు ఆరబోసుకోవచ్చా?" వద్దని చెప్పండి. పోచల్లో గింజలు, తొడిమలు ఇరుక్కుంటాయి, తర్వాత ఎవరూ కూర్చోలేరు.

డబ్బు రాబట్టుకోవడం

గిరాకీ దొరికాక మునిగిపోయినవాళ్లను కూడా చూశాను. "మిర్చి అమ్మాక ఇస్తాలే" అన్న మాట మీద నాలుగు ఇళ్లకు గడ్డి పరిచి, ధర వచ్చేదాకా కోల్డ్‌స్టోరేజీలో టిక్కీలు ఉంచినంత కాలం వాళ్ల ఇంటి చుట్టూ తిరిగారు. గడ్డి పరిచాక తిరిగి చుట్టుకుని రాలేం. సగం అడ్వాన్సు అందాకే రోల్ కోయండి, నేల పని అయ్యాక పావు వంతు, పరిచిన రోజు మిగతాది. చుట్టమైనా ఇదే పద్ధతి. కొటేషన్ మీద తేదీ, కొలతలు, గడ్డి ఎత్తు, వాయిదాలు రాసి సంతకం తీసుకోండి.

స్కూలు, ఆసుపత్రి, కంపెనీ లాంటివాళ్లకు బిల్లు మీద పనిచేస్తే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు ఆయుధం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చాలాసార్లు ఫిర్యాదు దాకా పోనక్కర్లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు, కింద ఈ నిబంధన ఒక్క వాక్యం అచ్చు వేయిస్తే అకౌంటెంటు చదువుతాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. నింపేటప్పుడు మీ పని ఏమిటన్న చోట ఉత్త కొనుగోలు అమ్మకం అని రాయకండి, మీరు చేసేది పరిచే సేవ. ఏడాది టర్నోవర్ 20 లక్షలకు చేరువవుతుంటే జీఎస్టీ గురించి ఆడిటర్‌ను ముందే అడగండి, దాటాక కాదు.

ఫోను కూడా షెడ్డే అనుకోండి. గూగుల్ మ్యాప్‌లో మీ యూనిట్ పేరు పెట్టుకోవడానికి ఖర్చు లేదు. పని అయిపోయిన ప్రతి ఇంట్లోనూ పరచకముందు, పరిచాక ఒకే చోట నిలబడి తీసిన రెండు ఫొటోలు, ఊరు పేరు పెట్టండి. ఇంటివాళ్లను అడిగి మాత్రమే. "నరసరావుపేటలో చేశాం" అంటే పక్క వీధివాళ్లు చూస్తారు. ఎక్కడిదో తెలియని అమెరికా బొమ్మ పెడితే ఎవరూ నమ్మరు.

పరిశీలనకు వచ్చే రోజు కోసం

మూడేళ్ల తర్వాత యూనిట్ చూడటానికి వచ్చినవాళ్లు అడిగేవి కొత్తవేమీ కావు. షెడ్డు మీద పథకం పేరుతో బోర్డు, కొన్న యంత్రాలు, సరుకు బిల్లులు, చేసిన పనుల బిల్లులు, బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, పనిచేసేవాళ్ల జీతాల లెక్క. పుటింగ్ గ్రీన్ వేసిన ఇళ్ల ఫొటోలు, గిరాకీ పుస్తకం కూడా అదే ఫైలులో పెట్టండి. నగదు తీసుకున్నా ఖాతాలో వేసి, బిల్లు రాయండి. బాగా నడుస్తున్న యూనిట్ కూడా ఖాతా ఖాళీగా ఉంటే నడవనట్టే కనిపిస్తుంది. అప్పు సక్రమంగా తీర్చి, లాభంలో ఉన్న యూనిట్‌కు సేవారంగంలో 25 లక్షల దాకా రెండో రుణం తీసుకునే వీలుంది, దానికి సబ్సిడీ 15 శాతం. దాని దరఖాస్తుకూ ఇదే ఫైలు కావాలి.

పేట దగ్గరి ఆ లబ్ధిదారు మొన్న ఫోన్ చేశారు. చాప ఒకటి కోసి, ఆదివారం ఒక పళ్ల డాక్టరు గారి ఇంటికి తీసుకెళ్లారట. గ్రీన్ ఆయన వేయించుకోలేదు. మేడ మీద 340 అడుగుల గడ్డి మాత్రం వేయించుకున్నారు, చాప కూడా ఉంచేసుకున్నారు. ఇప్పుడు ఇంకో చాప కోయాలి, గుంట కోసే వడ్రంగి మేస్త్రీ దొరకడం లేదని ఆమె ఫోన్.